కీబోర్డులో జంతికల పొడి: బటన్లు మాత్రం పీకకండి

మీ ఇల్లు విశాఖ వన్‌టౌన్‌లో, పిల్లాడు ల్యాప్‌టాప్ ముందే కూర్చుని జంతికలు తింటాడు, ఇప్పుడు ‘ఏ’ బటనూ స్పేస్ బారూ నొక్కితే కరకరమంటున్నాయి, బటన్లు ఊడదీసి కడగొచ్చా, ఇంట్లో ఉన్న వాక్యూమ్ క్లీనర్ పెట్టొచ్చా అని కదా మీ ప్రశ్న. రెండూ వద్దండి.

డెస్క్‌టాప్‌కి వాడే మెకానికల్ కీబోర్డు (ఒక్కో బటన్ కింద విడిగా ఒక స్విచ్ ఉండే రకం) అయితే బటన్లు పీకి సబ్బు నీళ్లలో వేసేయొచ్చు, దాని తయారీయే అలా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఒక్కో బటన్ కింద కత్తెర ఆకారంలో సన్నటి ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది, దాని కొక్కెం విరిగితే మళ్లీ కూర్చోదు, విడిగా ఆ ఒక్కటీ దొరకడం కష్టం, చాలా మోడళ్లలో కీబోర్డు మొత్తం మార్చాల్సిందే. స్పేస్ బార్‌కి అదనంగా ఒక ఇనప తీగ కూడా ఉంటుంది, దాన్ని తిరిగి సరిగ్గా ఇరికించడం చెయ్యి తిరిగినవాళ్లకే చికాకు. వాక్యూమ్ క్లీనర్‌తో గొడవ వేరు: గాలి వేగంగా లాగేటప్పుడు దాని మూతి దగ్గర స్టాటిక్ కరెంటు పుడుతుంది, అది లోపలి సర్క్యూట్‌కి మంచిది కాదు.

అసలు మన ఊళ్లో దుమ్ము ఊదితే ఎగిరిపోయే రకం కాదు. మేముండేది ఎంవీపీ కాలనీలో, సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి. ఆ గాలిలోని ఉప్పు తేమను పీల్చుకుంటుంది, దుమ్ము దానికి అంటుకుని ముద్దవుతుంది. మీ వైపైతే కిటికీ అంచు మీద వేలు పెడితే నల్లటి పొడి, దానికి జంతికల నూనె తోడు. అందుకే ఇక్కడ ముందు బ్రష్, ఆ తర్వాతే గాలి. నేరుగా గాలి కొడితే సగం చెత్త ఇంకా లోపలికి పోయి కూర్చుంటుంది.

ల్యాప్‌టాప్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి, స్లీప్‌లో పెడితే చాలదు. ఛార్జర్, మౌస్ అన్నీ తీసేయండి. కొన్ని మోడళ్లు ఏదో ఒక బటన్ నొక్కగానే వాటంతటవే ఆన్ అవుతాయి, గమనిస్తూ ఉండండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి, లేకపోతే దులిపిందంతా మళ్లీ దాని మీదికే వస్తుంది. ఏసీ ఉంటే ఆ గదిలోనే మొత్తం పని కానివ్వండి, చల్లగా ఉన్న దాన్ని ఉక్కపోసే హాల్లోకి తెస్తే తేమ పట్టేస్తుంది.

పాత పేపరు పరిచి, కీబోర్డు కిందికి చూసేలా బోర్లించి, స్క్రీన్ పట్టుకోకుండా కింది భాగాన్నే గట్టిగా పట్టుకుని, వెనక వైపు అరచేత్తో మెల్లగా తట్టండి. మా ఇంట్లో ఇలా తట్టినప్పుడు నువ్వుగింజలు, వెంట్రుకలు, గోటి ముక్క, పులిహోర తాలూకు ఆవగింజ కూడా రాలాయి. ఆ తర్వాత హార్డ్‌వేర్ షాపులో దొరికే అరంగుళం పెయింట్ బ్రష్, కొత్తది, మెత్తటిది తీసుకుని, ల్యాప్‌టాప్‌ని వాలుగా పట్టుకుని బటన్ల సందుల్లో ఒకే దిక్కుగా దులుపుతూ రండి. వాలు ఉంటే వదులైన చెత్త కిందికి జారుతుంది. ‘ఏ’ చుట్టూ కాస్త ఎక్కువసేపు, బటన్‌ని నొక్కుతూ వదులుతూ దులపండి.

ఇక గాలి. కెమెరా లెన్సులకి వాడే రబ్బరు బ్లోయర్ చాలు. నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి. దుమ్ము ఊదడానికి ‘కంప్రెస్డ్ ఎయిర్’ పేరుతో అమ్మే స్ప్రే డబ్బా కొంటే, అందులో ఉండేది ఉత్త గాలి కాదు, ద్రవంగా మార్చిన గ్యాసు. డబ్బాను నిలువుగా పట్టుకుని కొద్దికొద్దిగా కొట్టాలి, ఒంచితే ద్రవమే బయటికొస్తుంది. చాలా డబ్బాల్లో ఆ గ్యాసు మండే రకం, కాబట్టి పొయ్యి, అగరొత్తుల దగ్గర వద్దు. మ్యాక్‌బుక్ అయితే ఆ ల్యాప్‌టాప్‌ని నిలువుకి కాస్త తక్కువగా, 75 డిగ్రీల వాలులో పట్టుకుని ఎడమ నుంచి కుడికి కొట్టమని యాపిల్ చెబుతుంది, తర్వాత కుడి పక్కకీ ఎడమ పక్కకీ తిప్పి మళ్లీ అదే. షాపుల్లో వాడే కరెంటు బ్లోయర్ ఇంట్లో వద్దనే అంటాను, అది గాలి రంధ్రాల్లోకి తగిలితే లోపలి ఫ్యాన్ అడ్డదిడ్డంగా తిరిగిపోతుంది.

బటన్ల పైన జిడ్డుకి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కళ్లజోడు తుడిచే గుడ్డ మీద కాస్త పోసుకుని, తడి కారకుండా పిండి తుడవండి, కీబోర్డు మీద నేరుగా పోయకండి. శానిటైజర్ వద్దు, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, ఇంకా జిగురవుతుంది. ఆకుపచ్చ జెల్ ముద్ద ఒకటి ఆన్‌లైన్‌లో అమ్ముతారు, మన ఎండలకి అది మెత్తబడి తీగలు సాగి సందుల్లోనే ఉండిపోతుంది, నాకైతే నచ్చలేదు. సిలికాన్ కవర్ వేస్తే నలుసులు ఆగుతాయి గానీ మూత మూసేముందు తీసేయాలి, స్క్రీన్‌కి ఒత్తుకుంటుంది.

ఇంత చేశాక కూడా స్పేస్ బార్ కరకరలాడితే వారంటీ ఉందేమో చూసి సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. వారంటీ అయిపోతే ద్వారకా నగర్‌లో రిపేరు షాపులు బోలెడు, బటన్ విరిగితే బాధ్యత ఎవరిదో ముందే అడిగి, మీ ఎదురుగానే విప్పమనండి.