తోడల్లుడి స్పీకర్లా, షాపులో కొత్త సెట్టా?

ప్రశ్న: హనుమకొండలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. జీతం చేతికి 72,000 వస్తుంది, అందులో ఇంటి లోన్ ఈఎంఐ 24,000 పోతుంది. అత్యవసరాలకని బ్యాంకులో 1,50,000 ఉంచాను. ఈ మధ్యే ఎరియర్స్ 30,000 పడ్డాయి. హాల్లో హోమ్ థియేటర్ పెట్టుకోవాలని ఎప్పటినుంచో కోరిక. షాపులో కొత్త 5.1 సెట్టు (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) 1,20,000, పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని కిస్తీలు అంటున్నారు. అమెరికా నుంచి తిరిగొచ్చేసిన మా తోడల్లుడు ఎనిమిదేళ్లు వాడిన రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె), ఐదు స్పీకర్లు, సబ్‌వూఫర్ (బేస్ శబ్దాల పెద్ద స్పీకర్) కలిపి 50,000కి ఇస్తానంటున్నాడు. ఏది కొనమంటారు?

జవాబు: మీరు రెండింటినీ సెట్టుగానే చూస్తున్నారు. విడదీసి చూడండి, లెక్క మారిపోతుంది.

ముందు షాపు సంగతి. నెలకు 10,000 చొప్పున కట్టే ఈ ఈఎంఐలో, ఏడాదికి 15 శాతం లెక్కన చూస్తే, వడ్డీ దాదాపు 9,200 ఉంటుంది. దాన్ని షాపు వాళ్లు డిస్కౌంట్‌గా తీసేస్తారు, నిజమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 1,650 పైచిలుకు, ప్రాసెసింగ్ ఫీజు మీ కార్డు బిల్లులోనే పడతాయి. పైగా మధ్యలో జూన్ వస్తుంది, పిల్లల ఫీజులుంటే పదివేల కిస్తీ గట్టిగానే తగులుతుంది. ఆ 1,50,000 మీ రెండు నెలల జీతమంత. దాని జోలికి వెళ్లకండి.

ఇక తోడల్లుడి సామాను. స్పీకర్లు నిక్షేపంగా కొనొచ్చు. కరెంటు ప్లగ్గు లేని స్పీకర్లకు వోల్టేజి గొడవే లేదు, బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లయినా పాడతాయి. జాలీ తీసి, స్పీకర్ మధ్యలో కదిలే కోన్ చుట్టూ ఉన్న అంచు చూడండి. రబ్బరైతే మంచిదే. ఫోమైతే వేలితో మెల్లగా తాకండి, పొడి రాలితే అది మార్చాల్సిందే. తర్వాత నాలుగు వేళ్లు సమంగా ఆనించి కోన్‌ని కొంచెం లోపలికి నొక్కండి. గరగరమంటే లోపల కాయిల్ రాసుకుంటోందన్నమాట, దాన్ని వదిలేయండి. చివరగా వాల్యూమ్ తగ్గించి పాట పెట్టి, ఒక్కొక్క ట్వీటర్ (సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) దగ్గరా చెవి పెట్టి వినండి.

రిసీవర్ మాత్రం వద్దు. వెనక పలక మీద 120 వోల్ట్లని మాత్రమే ఉంటే, మన 230కి నేరుగా గుచ్చితే కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ అదో ఖర్చు, అదో బరువు, ఒక్కోసారి అదో హమ్మింగ్. పైగా టీవీ శబ్దాన్ని పూర్తి నాణ్యతతో రిసీవర్‌కి పంపే ఈఆర్క్ అనే సదుపాయం 2017లో ప్రకటించిన హెచ్‌డీఎంఐ 2.1 (టీవీ కేబుల్ ప్రమాణం)తో వచ్చింది, ఎనిమిదేళ్ల రిసీవర్‌లో అది లేకపోవచ్చు. అమెరికాలో కొన్నదానికి ఇక్కడ వారంటీ కూడా ఆశించకండి. స్పీకర్లు నిదానంగా ముసలివవుతాయి, రిసీవర్లు ఐదారేళ్లకే పాతబడతాయి. అందుకే స్పీకర్లు పాతవి, రిసీవర్ కొత్తది కొనండి.

కాబట్టి ఐదు స్పీకర్లకు 20,000 నుంచి 25,000 మధ్య అడగండి. ఎరియర్స్ అందుకు సరిపోతాయి. కొత్త రిసీవర్ ఇక్కడి వారంటీతో 40,000 అటూ ఇటూగా దొరుకుతుంది. నెలకు 8,000 చొప్పున ఐదు నెలలు విడిగా దాచి అప్పుడు కొనండి. హైదరాబాద్ వెళ్లే పనుంటే కోఠి గుజరాతీ గల్లీలో కూడా ధర కనుక్కోండి. రొక్కం ఒకేసారి ఇస్తానని చెప్పి, షాపు వాళ్లు ఈఎంఐలో వదులుకునే వడ్డీ మేరకు ధరలో తగ్గించమని బేరమాడండి.

బంధువు దగ్గర బేరమేమిటని మొహమాటపడకండి. తర్వాత ఏదైనా చెడిపోతే ఆయన్ని నిలదీయలేరు, సంక్రాంతికి అత్తగారింట్లో పక్కపక్కనే కూర్చుని భోంచేయాలి. అందుకే ఇప్పుడే, మీ ఇద్దరి ముందే అన్నీ మోగించి చూసుకోండి. సబ్‌వూఫర్‌కి సొంత యాంప్లిఫైయర్ ఉంటుంది కనుక వెనక వోల్టేజి స్విచ్ 230కి మారుతుందేమో చూడండి. మారితే ఐదారు వేలివ్వండి. లేదంటే అది ఆయన దగ్గరే ఉండనివ్వండి.