స్నానం తీసుకున్న తాతగారు

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. తల్లి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, కొడుకు దగ్గరి నుండి జాబు రాలేదన్న మాట ఎవరితోనూ అనలేక, ఒలిచిన గింజలనే మళ్ళీ మళ్ళీ ఏరుతూ కూర్చునే చోటు బాగుంది. ఆ పేరా రాసిన చెయ్యే నాలుగో పేజీలో 'తాతగారు మహేంద్రతనయలో స్నానం తీసుకుని, దీర్ఘంగా శ్వాస తీసుకుని, అరుగు మీద ఆసనం తీసుకున్నారు' అని ఎలా రాసిందో బోధపడక ఈ జాబు మొదలుపెట్టాను. ఏటిలో నుండి ఆ స్నానాన్ని ఆయన ఎక్కడికి తీసుకుపోయారమ్మా?

'టేక్ అనే ఒక్క మాటతో ఇంగ్లీషువారు ఇన్ని పనులు జరుపుకుంటూ ఉంటే మనకేమి అడ్డం?' అని అడిగావు. నిజానికి ఆ మాట వారికీ బయటి నుండి వచ్చినదే. ప్రాచీన ఆంగ్లంలో తీసుకోవడానికి 'నిమాన్' అనే క్రియ ఉండేది. జర్మన్ భాషలో దాని తోబుట్టువు 'నేమెన్' నేటికీ వాడుకలో ఉంది. 9వ శతాబ్దిలో సముద్రం దాటి వచ్చి ఇంగ్లండు ఉత్తర, తూర్పు భాగాలలో కాపురాలు పెట్టిన డేనుల వెంట, వారి నార్స్ భాషలోని 'టాకా' అనే మాట దిగింది. 11వ శతాబ్ది ముగిసేసరికి అది ఇంగ్లీషు రాతలోకి ఎక్కింది, ఆ తరువాత క్రమంగా పాత క్రియను మూలకు నెట్టేసింది. జర్మన్‌కు చుట్టమైన పాత గోతిక్ భాషలో, ఈ 'టాకా'కు బంధువైన 'టేకాన్'కు అర్థం ముట్టుకోవడం మాత్రమే. ముట్టుకోవడం నుండి పట్టుకోవడానికి, అక్కడి నుండి పుచ్చుకోవడానికి సాగి, చివరకు అర్థమంతా పక్కనున్న నామవాచకం మోస్తూ ఉంటే తాను కాలాన్నీ పురుషనూ మాత్రం చెప్పి ఊరుకునే స్థితికి వచ్చింది. 'టేక్ ఎ వాక్' అన్నప్పుడు ఎవరూ దేనినీ తీసుకోవడం లేదు. ఇంకో తమాషా ఏమంటే, స్నానం విషయంలో 'టేక్' ఎక్కువగా అమెరికా అలవాటు, ఇంగ్లండులో సాధారణంగా 'హావ్' అంటారు. అంటే మీ తాతగారు మహేంద్రతనయలో అమెరికా పద్ధతిన మునిగారన్నమాట.

ఆ పాత 'నిమాన్' కూడా పూర్తిగా చావలేదు. స్పర్శ తెలియని కాలినో చేతినో చెప్పే 'నమ్' అనే ఇంగ్లీషు విశేషణం దాని భూతకాల రూపం నుండి వచ్చినదే, చివరనున్న పలకని 'బి' తరువాత అతికించినది. దాని అసలు అర్థం 'పట్టుబడినది'. మనం ఏమంటాం? కాలికి తిమ్మిరి పట్టింది అంటాం. అక్కడివారు మరచిపోయిన ఊహ మన నోట రోజూ ఆడుతూనే ఉంది.

నా పట్టుదల ఒక్కటే: దేనికి దాని క్రియ. తెలుగువాడు పరీక్ష రాస్తాడు, ఫొటో తీస్తాడు, రైలు ఎక్కుతాడు, ఊపిరి పీలుస్తాడు, ఒట్టు వేస్తాడు, పగ తీర్చుకుంటాడు. తీసుకోవడమనే భావం మనకు కరవై ఇలా అనడం లేదు. 'కొను' అంటే పూర్వం గ్రహించడమే. నేడు అది విడిగా నిలిస్తే వెల ఇచ్చి పుచ్చుకోవడం, మరో క్రియ చివర చేరితే ఆ పని ఫలం చేసినవారికే దక్కుతుందని చెప్పడం. వండింది, వండుకుంది అన్న రెంటి మధ్య ఎంత సంసారం ఉందో చూడు. నీవు పేజీ నిండా వాడిన 'తీసుకొను' కూడా 'తీయు'కు ఆ 'కొను' చేరగా వచ్చినదే. ఇక స్నానం సంగతి అంటావా, క్రియ మారితే మన ఇళ్ళలో కథే మారిపోతుంది: కోడలు నీళ్ళు పోసుకుందంటే కడుపుతో ఉందని, నీళ్ళాడిందంటే పురుడు వచ్చిందని పెద్దవాళ్ళకు తెలుసు. నీవు బడిలో చదువుకున్న ఒడియాలో సైతం స్నానానికి 'గాధోయిబా' అని సొంత క్రియ ఉంది కదా.

ఈ ఊళ్ళోనే బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు కొండల మీది సవరల భాష నేర్చి రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఆ భాషలో చేపలు పట్టడమంటే రెండు మాటలు కానక్కరలేదు. చేప అనే నామం కురచ రూపం దాల్చి క్రియలోనే ఇమిడిపోతుంది, మొత్తం ఒకే మాటగా పలుకుతారు. లిపి కూడా లేదని నాగరికులు చిన్నచూపు చూసిన భాష క్రియను అంత బలంగా నిలుపుకుంటే, పత్రికలున్న మనం దానిని నామవాచకాలకు ఊతకర్రగా మార్చుకుంటున్నాం.

పత్రికలంటే గుర్తుకు వచ్చింది. నా తొలి కథలలో ఒకదానిలో గుమాస్తా సెలవు పెట్టి ఊరికి బయలుదేరతాడు. సంపాదకుడు 'పెట్టి' కొట్టేసి 'సెలవు తీసుకుని' అని అచ్చువేశాడు. సెలవు తీసుకోవడమంటే వీడ్కోలు పుచ్చుకోవడం. ఆ గుమాస్తా పైపేరాలో అందరి దగ్గరా వీడ్కోలు పుచ్చుకుని, కిందిపేరాలో అదే కుర్చీలో కూర్చుని ఫైళ్ళు తిరగేశాడు. అడిగితే 'ఆధునిక వచనం ఇలాగే ఉంటుంది' అన్నాడు. ఆ ఆధునికత అనువాదపు వార్తల నుండి వచ్చిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. 'చర్య తీసుకొను', 'నిర్ణయం తీసుకొను' ఇలా వచ్చి స్థిరపడినవే; రెండోదానితో పోరాడే ఓపిక నాకు ఇక లేదు గాని, 'నిర్ణయించారు' అంటే ఏం పోయిందో నేటికీ అర్థం కాదు.

కథలు కూడు పెట్టని రోజులలో పేజీకింత అని కూలికి కరపత్రాలు తెలుగు చేసేవాడిని. ఒక ఆరోగ్య కరపత్రంలో 'మాత్రలు వేసుకోవాలి' అని రాస్తే, అది మోటుగా ఉందని పైవారు 'మాత్రలు తీసుకోవాలి' అని దిద్దారు. తరువాత మా వీధిలో ఒక ముసలమ్మను 'మందు తీసుకుంటున్నావా?' అని అడిగితే, 'ఇచ్చినప్పుడల్లా తీసుకుంటున్నాను నాయనా' అని బిస్కట్ల డబ్బా మూత తీసి చూపించింది. పొట్లాలు విప్పనైనా లేదు, దారం కట్టి వరుసగా పేర్చి ఉన్నాయి.

కాబట్టి నాలుగో పేజీ తిరగరాయి. తాతగారిని ఏట్లో మునగనీ, ఊపిరి పీల్చుకోనీ, అరుగు మీద కూర్చోనీ. తొమ్మిదో పేజీలో మేనల్లుడు 'అవకాశం తీసుకున్నాడు' అన్నావు, వాడు తెగించాడు. గుణుపురం రైలు 'రెండు గంటలు తీసుకుంది' అన్న చోట రెండు గంటలు పట్టింది అను. అప్పు తీసుకున్న వాక్యాన్ని మాత్రం కదపకు, అక్కడ డబ్బు నిజంగానే చేయి మారింది. సంతలో ఆడవాళ్ళు ఒడియాలో బేరమాడే భాగాన్ని తెలుగు చేయాలా అని సందేహించావు. వద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచు.

ఆశీస్సులతో