నీడ పెరట్లో నల్లాకు మొక్కలు

ప్రశ్న: మా ఇంటికీ పక్కింటి గోడకీ మధ్య నాలుగడుగుల సందు ఉంది. పొద్దున గంటన్నర ఎండ పడుతుంది, తర్వాత రోజంతా నీడే. ఊదా, నలుపు రంగు ఆకుల మొక్కలు ముచ్చటపడి తెచ్చి నాటాను. రెండు నెలలకే కొన్ని ఆకుపచ్చగా మారాయి, కొన్ని తీగల్లా సాగిపోయాయి. అక్కడ ఏళ్ల తరబడి నిలిచే నల్లాకు మొక్కలు ఏవి?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ పెంపకంలో లోపం లేదు, ఎంపికలోనే తేడా వచ్చింది. ఆకుకి ఊదా, నలుపు రంగులు తెచ్చేది ఆంథోసయనిన్ అనే పదార్థం. చాలా మొక్కలు దాన్ని ఎండ తగిలితేనే తగినంత తయారుచేసుకుంటాయి. ఎండ చాలకపోతే అది తగ్గి, కింద ఉన్న పత్రహరితం బయటపడుతుంది. పర్పుల్ హార్ట్ అని అమ్మే ట్రాడెస్కాన్షియా ఇందుకు మంచి ఉదాహరణ. ఎండలో ముదురు వంకాయ రంగులో మెరిసే ఆ మొక్క నీడలో వెలిసి, కణుపుల మధ్య సాగిపోతుంది. మీరు చెప్పిన లక్షణాలన్నీ దానివే. దాన్ని మేడ మీదికి మార్చండి.

ముందు మీ నీడ ఎంతో తేల్చుకోండి. మిట్టమధ్యాహ్నం నేల మీద తెల్ల కాగితం పరిచి, అడుగు ఎత్తున అరచెయ్యి పట్టండి. కాగితం మీద చేతి నీడ అంచులు చెదిరినా వేళ్లు విడివిడిగా తెలుస్తుంటే ఈ మొక్కలకు ఆ వెలుగు చాలు. నీడ అసలే పడకపోతే అక్కడ నేలలో ఏదీ నాటకండి.

మీ సందుకి మొదట హెమిగ్రాఫిస్ సూచిస్తాం. మలయాళీలు మురికూటి అనేది దీన్నే. ఆకు పైన లోహపు మెరుపున్న బూడిద ఊదా, అడుగున ముదురు ఎరుపు. పాకే మొక్క కాబట్టి తొమ్మిది అంగుళాల దూరంలో నాటితే కణుపు కణుపుకీ వేరేసి నేల కప్పేస్తుంది. నడి ఎండ తగిలితేనే దీని రంగు వెలిసిపోతుంది. దాని వెనక వరసలో పర్షియన్ షీల్డ్ పెట్టండి. మయన్మార్ ప్రాంతపు మొక్క, రెండు మూడడుగులు ఎదుగుతుంది. లేత ఆకుల్లోనే దీని రంగు నిండుగా ఉంటుంది. ముదిరితే, చలికాలం పూతకొస్తే వెలిసిపోతుంది. అందుకే చిగుళ్లు రెండు కణుపుల కిందికి తుంచుతూ ఉండాలి. పూత అయ్యాక ఫిబ్రవరిలో సగానికి కత్తిరించాలి. కత్తిరించిన కొమ్మల్ని పారేయకండి. నాలుగంగుళాల ముక్కలు చేసి, కింది ఆకులు తీసి తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేరు పడతాయి. మొక్క అడుగున బోసిపోతే ఆ పిల్ల మొక్కలే దాని చోటు తీసుకుంటాయి.

ఇంటి పక్క సందుల్లో మట్టి కింద ఇల్లు కట్టినప్పటి సున్నం, సిమెంటు ముక్కలు పూడి ఉంటాయి. వాటివల్ల మట్టిలో క్షారం పెరిగి, ఇనుము అందక, లేత ఆకులు ఈనెలు తప్ప మిగతా అంతా పసుపు తిరుగుతాయి. తొమ్మిది అంగుళాల లోతు తవ్వి ఆ రాళ్లు ఏరేయండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు, అర పాలు ఇసుక కలిపి నింపండి. మీది నల్లరేగడి నేలైతే మడి ఆరంగుళాలు ఎత్తు చెయ్యండి, లేకపోతే వానాకాలంలో వేరు కుళ్లుతుంది. యూరియా మాత్రం వద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు పెద్దదై, మెత్తబడి, ఆకుపచ్చకు తిరుగుతుంది.

ఇంకొక్క మాట. నీడలో నల్లాకు ఒక్కటే ఉంటే కంటికి ఆనదు, గుంతలా కనిపిస్తుంది. పక్కన తెల్లచారల స్పైడర్ ప్లాంటో, లేతరంగు సింగోనియమో నాటితే అప్పుడు ఆ నలుపు పైకి తేలుతుంది.

ప్రశ్న: నల్ల జీజీ మొక్క కొన్నాను. కొత్త కొమ్మలు చిలకపచ్చగా వస్తున్నాయి. నర్సరీవాళ్లు మామూలు మొక్క అంటగట్టారా?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లేదండీ, నిశ్చింతగా ఉండండి. రేవెన్ అనే ఈ నల్ల జీజీ రకం పుట్టుకే అంత. చిగురు చిలకపచ్చగా వచ్చి, కొన్ని వారాల్లో కింది నుంచి ఒక్కో రెబ్బా ముదురుతూ నల్లబడుతుంది. దీన్ని చంపేది నీళ్లే. మట్టి కింద దుంపల్లో నీరు దాచుకునే మొక్క ఇది. వేలు రెండంగుళాలు లోపలికి దించితే పొడిగా తగిలాకే నీళ్లు పోయండి. కొమ్మ మొదలు మెత్తబడి పసుపు తిరిగిందంటే దుంప కుళ్లుతోందన్నమాట. వెంటనే పెరికి, కుళ్లిన భాగం కోసేసి, ఒకరోజు ఆరబెట్టి పొడి మట్టిలో నాటండి.

ప్రశ్న: మామిడి చెట్టు కింద నల్ల చేమ పెట్టవచ్చా?
– పాఠకురాలు, కడియం

జవాబు: వద్దండీ. నల్ల చేమకు తడీ, సగం పూట ఎండా రెండూ కావాలి. చెట్టు కింద రెండూ ఉండవు, ఆకు ఆకుపచ్చబడి అంచులు మాడతాయి. పైగా గుంతలు తవ్వితే మామిడి పీచువేళ్లు తెగుతాయి. వెడల్పాటి కుండీల్లో రియో పెంచి చెట్టు చుట్టూ పేర్చండి. ఆకు పైన ఆకుపచ్చ, అడుగున ఊదా. దాని రసం చర్మానికి దురద పుట్టిస్తుంది, చేతి తొడుగులతో పట్టుకోండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. నీడలో నాటిన ముదురు ఆకుల హ్యూకెరా చలికాలం గడిచేసరికి నేల నుంచి పైకి లేచిపోయింది. బతుకుతుందా?
– పాఠకురాలు, అమెరికా

జవాబు: బతుకుతుంది. నేల గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ పైవేళ్ల మొక్కను కొంచెం పైకి నెడుతుంది. ఏప్రిల్‌లో తవ్వి, కాండం ఆకుల మొదలు దాకా మట్టిలో ఉండేలా దించి నాటండి. మూడు నాలుగేళ్లకొకసారి విడదీసి నాటాలి. చలికి నేల గట్టిపడ్డాక రెండంగుళాల ఎండాకు పరవండి, మొదలు మాత్రం కప్పకండి. లాగితే వేర్లే లేకుండా చేతికొచ్చిందంటే అది చలి పని కాదు, వైన్ వీవిల్ పురుగుది. మట్టిలో గోధుమరంగు తలతో, తెల్లగా, కాళ్లు లేకుండా వంగి ఉండే పిల్లపురుగుల్ని ఏరి చంపండి. 1991లో అమెరికా పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ ఆ ఏడాది మేటి మొక్కగా ఎంచిన ప్యాలెస్ పర్పుల్ ఈ జాతిదే. నీడ చిక్కనైతే అది కూడా కంచు రంగు కలిసిన ఆకుపచ్చకు తిరుగుతుంది.

ప్రశ్న: నల్లని ఆకుల మీద తెల్ల మచ్చలు. తెగులా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: గోటితో గీకి చూడండి. సుద్దలా రాలితే బోరు నీళ్ల ఉప్పు. నీళ్లు మొదట్లో పోసి, నున్నటి ఆకుల్ని తడిగుడ్డతో తుడవండి. దూదిలా ఉండి జిగురుగా అంటితే పిండినల్లి. లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున కొట్టండి. వారానికొకసారి, మూడు వారాలు.