డాక్టర్ సలహా: జకార్తా పొట్లంతో మోకాలి నొప్పి పోయింది, మానేస్తే నిలబడలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 53. మలేషియాలోని క్లాంగ్‌లో బట్టల హోల్‌సేల్ వ్యాపారం. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి బాగన్ దాతో కొబ్బరి తోటల్లో పనికి వచ్చారు, నేను పుట్టి పెరిగిందంతా ఇక్కడే. నేను చెబుతుంటే నా భార్య ఈ ఉత్తరం టైప్ చేస్తోంది, ఆమెది విజయనగరం. పొద్దున్నే షట్టర్ తీసి, పక్కన మామక్ (తమిళ ముస్లింల) హోటల్లో రోటీ చనాయ్ అనే పరోటా తిని, తే తారిక్ అనే పాల టీ తాగి పనిలో పడతాను. బేళ్లు దించుకోవడం, చిల్లర షాపులకు సరుకు కట్టించడం, గోడౌన్ మెట్లు ఎక్కి దిగడం, ఇదే రోజంతా. సరుకు కోసం తరచూ జకార్తా తానా అబాంగ్ మార్కెట్‌కి వెళ్లొస్తుంటాను. షాపు మూశాక మా అబ్బాయితో బ్యాడ్మింటన్ ఆడేవాణ్ణి. మోకాళ్ల నొప్పులతో మానేశాను, వాడు ఆడుతుంటే కూర్చుని చూస్తాను.

ఏడాదిన్నర కిందట తానా అబాంగ్‌లో నాకు సరుకిచ్చే ఆయన జాము (ఇండోనేషియా సంప్రదాయ మూలికా మందు) పొట్లాలు ఇచ్చాడు. ఒంటి నొప్పులకి వాడే ‘పెగల్ లిను’ పొడి. రెండు రోజుల్లో నొప్పి పోయింది. రోజూ ఒకటి, పని ఎక్కువైతే రెండు వేసుకుంటున్నాను. ఆకలి పెరిగింది, రాత్రి రెండింటి దాకా లెక్కలు చూసుకున్నా అలుపు లేదు. ముఖం గుండ్రంగా నిండింది, వ్యాపారం బాగున్నట్టుందే అని అందరూ అంటున్నారు. బేళ్లు తగిలి చేతుల మీద నల్లగా కములుతోంది. బీపీకి మాత్ర వాడుతున్నాను. ఫార్మసీలో పరగడుపున షుగర్ చూస్తే 9.2 వచ్చింది, దీపావళి మిఠాయిల వల్లేమో. నొప్పి మరీ ఎక్కువైతే అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకుంటాను. ఈమధ్య జకార్తా ట్రిప్ వాయిదా పడి పొట్లాలు అయిపోతే కొన్నాళ్లు విపరీతమైన నీరసం, వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. తెలిసినాయన తెచ్చిచ్చాక మళ్లీ మామూలైంది. మా అమ్మగారికి కూడా మోకాళ్లకి ఇదే ఇస్తున్నాను. తైపూసం (మురుగన్ పండుగ) నాడు బటు కేవ్స్ గుహాలయం 272 మెట్లు ఎక్కుదామని మా అమ్మాయికి మాటిచ్చాను. మోకాళ్లలో గుజ్జు పెరగడానికి ఏ మాత్రలు మంచివి? మోకాలికి తొడిగే నీ క్యాప్ వేసుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, క్లాంగ్

సమాధానం: గుజ్జు మాత్రల గురించి తర్వాత రెండు ముక్కల్లో చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను ఉలిక్కిపడేలా చేసింది మీరు మామూలుగా రాసేసిన ఒక్క వాక్యం: పొట్లాలు అయిపోతే నీరసం, వికారం, నిలబడితే కళ్లు తిరగడం, మళ్లీ వేసుకుంటే మామూలు కావడం. దీన్ని మీరు మందు బాగా పనిచేస్తోందనడానికి రుజువుగా తీసుకున్నారు. నాకు అది ప్రమాద సూచనలా కనిపిస్తోంది.

మిమ్మల్ని పరీక్షించకుండా, ఆ పొడిని ల్యాబ్‌లో చూడకుండా ఖాయంగా ఏదీ చెప్పకూడదు. కానీ ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుందని నాకు గట్టి అనుమానం. ఎక్కువగా దొరికేది డెక్సామెథాసోన్. మోకాళ్ల నొప్పి రెండు రోజుల్లో పోవడం, ఆకలి పెరగడం, అర్ధరాత్రి దాటినా నిద్ర రాకపోవడం, ముఖం గుండ్రంగా ఉబ్బడం, చిన్న దెబ్బకే చర్మం కింద రక్తం చేరడం, బీపీ ఉన్న మనిషికి కొత్తగా షుగర్ కనబడటం. వీటిలో ఏదో ఒకటే అయితే వేరే కారణం వెతికేవాణ్ణి. అన్నీ కలిసి ఒకే మనిషిలో, అదీ పొట్లం మొదలుపెట్టాక వచ్చాయి. మీ స్నేహితులు కలిమి అనుకుంటున్న ఆ నిండైన ముఖాన్ని మేము ఓపీలో చూడగానే ‘ఏం మందులు వాడుతున్నారు’ అని అడుగుతాం.

జాము మీద నాకు చిన్నచూపు లేదు. పసుపు, చింతపండు వేసి కాచే కున్యిత్ ఆసమ్ లాంటివి ఇండోనేషియాలో ఇళ్లలో తరతరాలుగా తాగుతున్నారు. 2023లో యునెస్కో జాము సంప్రదాయాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. గొడవంతా నొప్పులకి, కీళ్లవాతానికి, బలానికి అని అమ్మే కొన్ని పొట్లాలతోనే. ఇండోనేషియా ఔషధ నియంత్రణ సంస్థ బీపోమ్, నొప్పుల జాముల్లో డెక్సామెథాసోన్, ఫినైల్‌బ్యూటజోన్ లాంటి అల్లోపతి మందులు దొంగచాటుగా కలుపుతున్నారని పదే పదే హెచ్చరికలు ఇచ్చింది. మీ మలేషియా ఆరోగ్య శాఖ కూడా సంప్రదాయ మందుల్లో డెక్సామెథాసోన్ దొరికిందని ఎన్నోసార్లు ప్రకటించింది. మీకు ఇచ్చినాయన మంచి మనసుతోనే ఇచ్చి ఉంటాడు. అందులో ఏముందో ఆయనకీ తెలిసి ఉండదు.

ఇక అసలు సంగతి. మన కిడ్నీల పైన ఎడ్రినల్ గ్రంథులు ఉంటాయి. శరీరానికి రోజూ కావలసిన స్టెరాయిడ్‌ని, అంటే కార్టిసాల్‌ని, అవే తయారు చేస్తాయి. ఎవరో రోజూ మీ గోడౌన్‌కి సరుకు తెచ్చి పోస్తుంటే మీరు ఆర్డర్లు పెట్టడం మానేస్తారు కదా, బయటి నుంచి స్టెరాయిడ్ వస్తూ ఉంటే ఆ గ్రంథులూ అలాగే పని మానేస్తాయి. కొన్ని వారాలు వాడినా ఇది మొదలు కావచ్చు. మీరు వాడింది ఏడాదిన్నర. పొట్లం ఒక్కసారిగా ఆగితే బయటి సరఫరా ఉండదు, లోపలి తయారీ వెంటనే మొదలు కాదు. బీపీ పడిపోతుంది, ఒంట్లో సోడియం, షుగర్ తగ్గిపోవచ్చు, వాంతులు, స్పృహ తప్పడం, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. జకార్తా ట్రిప్ వాయిదా పడ్డప్పుడు మీరు అనుభవించింది దానికి మొదటి మెట్టు అయి ఉండవచ్చు. అప్పుడే విరోచనాలో, గట్టి జ్వరమో, డెంగీయో వచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఆలోచిస్తేనే నాకు కంగారుగా ఉంది.

అందుకని ఇది చదివి భయపడి ఈ రాత్రే పొట్లాలన్నీ చెత్తబుట్టలో వేయకండి. అలాగే వాడుతూనే ఉందాం, వచ్చే నెల చూద్దాం అని కూడా అనుకోవద్దు. రెండూ తప్పే. పొట్లంలో ఎంత మందు ఉందో ఎవరికీ తెలియదు, ఒక పొట్లంలో ఉన్నంత ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు, కాబట్టి దాన్నే సగం, పావు చేసుకుంటూ సొంతంగా తగ్గించుకోవడం కుదరదు. డాక్టర్ మీకు కొలత తెలిసిన స్టెరాయిడ్ మాత్ర రాసి, దాన్ని వారాల తరబడి, అవసరమైతే నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారు. విషం అని మీరు భయపడుతున్న మందునే డాక్టర్ రాశారేమిటని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఈ పేరా చదివి వినిపించండి.

రేపు షాపు తీయకముందే ఆసుపత్రికి వెళ్లండి. కంటైనర్ వస్తోందని, బిల్లులు ఉన్నాయని వాయిదా వేయొద్దు. పొట్లం, దాని కవరు, ఇంకా విప్పనివి ఉంటే అవీ పట్టుకెళ్లండి. లోపలికి వెళ్లగానే మొట్టమొదట చెప్పాల్సింది మోకాలి నొప్పి గురించి కాదు. ‘స్టెరాయిడ్ కలిసిందని అనుమానం ఉన్న పొడి ఏడాదిన్నరగా రోజూ వాడుతున్నాను, ఆపితే నీరసం, కళ్లు తిరగడం’ అని చెప్పండి. ఈ మాట మీ నోటి నుంచి రాకపోతే ఎంత మంచి డాక్టరైనా బీపీ మాత్ర మార్చి పంపేయవచ్చు. ఈలోగా వాంతులు ఆగకపోయినా, నిలబడలేకపోయినా, మాట తడబడినా, మగతగా ఉన్నా పొద్దున దాకా ఆగకుండా 999కి ఫోన్ చేయించండి, లేదా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. మీ ఊళ్లో పెద్ద ప్రభుత్వాసుపత్రి తెంగ్కు అంపువాన్ రహీమా ఉండనే ఉంది.

సోడియం, పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ, కార్టిసాల్ పరీక్షలు చేయిస్తారు. కార్టిసాల్‌ని పొద్దున్నే చూస్తారు. పొట్లం వేసుకున్న రోజుకి, వేసుకోని రోజుకి ఫలితం మారుతుంది కాబట్టి ఎప్పుడు ఇవ్వాలో వాళ్లనే అడగండి, సొంతంగా ల్యాబ్‌కి వెళ్లి చేయించుకుని ‘నార్మల్ వచ్చింది’ అని ఊరుకోవద్దు. కంట్లో శుక్లాలు, ఎముకల బలం తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.

షుగర్‌ని మీరు మిఠాయిల మీదికి తోసేశారు. మీ దగ్గర మిల్లీమోల్స్‌లో చెబుతారు, మా లెక్కలో 9.2 అంటే సుమారు 166. పరగడుపున 7, అంటే మా 126, దాటితే డయాబెటిస్ అని అనుమానించి మళ్లీ పరీక్ష చేస్తాం. ఎప్పుడో తిన్న లడ్డూ పరగడుపు షుగర్‌ని అంత పైకి నిలబెట్టదు. స్టెరాయిడ్ పెంచి ఉండవచ్చు, లేదా లోపల ముందే ఉన్నదాన్ని బయటపెట్టి ఉండవచ్చు. మలేషియా 2023 జాతీయ ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరికి డయాబెటిస్ ఉన్నట్టు తేలింది, కాబట్టి స్టెరాయిడ్ ఆగినా షుగర్ నిలిచిపోయే అవకాశం ఉంది. తే తారిక్‌లో పడే కండెన్స్‌డ్ మిల్క్ గురించి మీ ఆవిడే చెబుతారు, నేను కొత్తగా చెప్పేది లేదు. డైక్లోఫెనాక్ మాత్రం ఇక వద్దు. స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండు పడి రక్తం కారవచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. మలం తారులా నల్లగా వస్తే అదీ ఎమర్జెన్సీయే.

ఇది విదేశాల కథ అని ఇక్కడి పాఠకులు పేజీ తిప్పేయొద్దు. మా ఓపీకి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చేవాళ్ల చేతుల్లోనూ ఇలాంటివే చూస్తుంటాను. సంతలో కొన్న నల్ల గుళికలు, పేపర్లో కట్టిచ్చిన పొడి, ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన పేరు లేని తెల్ల మాత్రలు. ఉబ్బసం తగ్గిందని, కీళ్లు ఆడుతున్నాయని సంబరపడి ఏళ్ల తరబడి మింగుతారు. తుంటి ఎముక కుళ్లిపోయి నడవలేని స్థితిలోనో, అణగి ఉన్న టీబీ బయటపడ్డాకనో మా దగ్గరికి వస్తారు. నాకు కోపం రోగుల మీద కాదు, పేరు, మోతాదు రాయకుండా మందు చేతిలో పెట్టేవాళ్ల మీద. కానీ మీలాంటి వ్యాపారస్తుణ్ణి ఒకటి అడగాలనిపిస్తోంది. ఇన్‌వాయిస్ లేకుండా, లేబుల్ లేకుండా వచ్చిన బట్టల బేలుని మీరు గోడౌన్‌లో దించనిస్తారా? మరి లేబుల్ లేని పొడిని రోజూ ఒంట్లోకి ఎలా దించుకున్నారు? మలేషియాలో అమ్మే ప్రతి సంప్రదాయ మందు మీదా ఎమ్‌ఏఎల్ అని మొదలై టీ అక్షరంతో ముగిసే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది లేనిది కొనకండి. నంబరు ఉన్నంత మాత్రాన పూర్తి భరోసా అనుకోవద్దు, నకిలీ నంబర్లూ ఉంటాయి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు మీ మోకాళ్లు. గ్లూకోసమిన్, కొలాజెన్ మాత్రలతో అరిగిన గుజ్జు తిరిగి పెరుగుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. నీ క్యాప్ పట్టుకున్నట్టు ఉంటుంది, అంతకంటే పెద్దగా చేసేది లేదు. బరువు తగ్గడం, తొడ కండరాలకి ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వ్యాయామం రోజూ చేయడం, ఈ రెండింటితోనే ఎక్కువమందికి మేలు జరుగుతుంది. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. స్టెరాయిడ్ వాడినవాళ్లలో తుంటి కీలుకి రక్తం అందక ఎముక దెబ్బతినవచ్చు. ఆ నొప్పి చాలాసార్లు గజ్జల్లోనో, మోకాల్లోనో తెలుస్తుంది. కాబట్టి మోకాలితో పాటు తుంటినీ చూడమనండి. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా నొప్పి ఉంటే ఎమ్మారై అవసరం పడొచ్చు. అది తేలేదాకా బటు కేవ్స్ మెట్లూ వద్దు, గోడౌన్ మెట్ల మీద బేళ్లు మోయడమూ వద్దు. ఈ తైపూసానికి అమ్మాయితో వెళ్లి కింద మురుగన్ విగ్రహం దగ్గర దణ్ణం పెట్టుకోండి. పైకి ఎప్పుడు ఎక్కాలో మీ డాక్టర్ చెబుతారు.

ఆఖరుగా మీ అమ్మగారు. ఆవిడ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. వయసెంతో, వేరే ఏ మందులు వాడుతున్నారో, ఎన్ని నెలలుగా పొట్లాలు ఇస్తున్నారో ఏమీ రాయలేదు. పెద్దవయసులో స్టెరాయిడ్ ఇంకా ప్రమాదం. ఎముకలు గుల్లబారి చిన్నపాటి జారుడుకే తుంటి విరుగుతుంది. జ్వరం లాంటి లక్షణాలు పైకి తెలియకుండానే ఇన్ఫెక్షన్ ముదిరిపోవచ్చు. కన్నతల్లి నొప్పి చూడలేక ఇచ్చారు, అది నాకు అర్థమైంది, కానీ పరీక్ష లేకుండా మీ మందు ఆవిడకి ఇవ్వకుండా ఉండాల్సింది. ఆవిడకీ పొట్లం హఠాత్తుగా ఆపకండి. బాగన్ దాతోలో ఉంటే ఈ రోజే ఫోన్ చేసి ఇంట్లో ఎన్ని పొట్లాలు మిగిలాయో కనుక్కోండి. ఈ వారంలో మందు మధ్యలో అయిపోకుండా చూసుకుంటూనే ఆవిణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నీరసంగా ఉన్నా, వాంతులవుతున్నా, మాట తేడాగా ఉన్నా అదే రోజు ఎమర్జెన్సీకే. షాపులో పనివాళ్లలో ఎవరికైనా ఈ పొట్లాలు పంచి ఉంటే వాళ్ల పేర్లు కూడా రాసుకుని, ఒక్కొక్కరికీ ఇదే విషయం మీరే చెప్పండి.

(ఈ సమాధానం ఉత్తరంలోని వివరాల ఆధారంగా ఇచ్చిన సాధారణ సలహా మాత్రమే. మందులు మొదలుపెట్టడం, మార్చడం, ఆపడం మిమ్మల్ని స్వయంగా పరీక్షించిన డాక్టర్ చెప్పినట్టే చేయాలి.)