గురి ఎక్కడ పెట్టాలి? నల్ల గుండ్రం మధ్యలోనా, కిందనా?

ప్రశ్న: ఆరు నెలలుగా ఓపెన్ సైట్ (వెనక గాడి, ముందు నిలువు పుల్ల ఉండే గురి) ఎయిర్ రైఫిల్‌తో 10 మీటర్ల టార్గెట్ కొడుతున్నాను. పెల్లెట్లు పక్కలకి పెద్దగా పోవడం లేదు, కానీ పైకీ కిందికీ నిలువు గీతలా పడుతున్నాయి. నేను నల్ల గుండ్రం నడిమధ్యకే గురిపెడతాను. సీనియర్లేమో కింది అంచుకి పెట్టమంటున్నారు. పది పాయింట్లు కొట్టాలంటే నడిమధ్య పది మీదే కదా గురి ఉండాలి?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: సీనియర్ల మాట వినండి. మీ ఫ్రంట్ సైట్, అంటే గొట్టం చివరనుండే పోస్టు (నిలువు పుల్ల), నలుపు, టార్గెట్‌లో గుండ్రమూ నలుపే. నలుపు మీద నలుపు పెట్టాక సైటు పైఅంచు ఎక్కడ ఆగిందో కంటికి ఎలా తెలుస్తుంది? ఊహించుకోవాల్సిందే, ఆ ఊహ ఒక్కో షాట్‌కి ఒక్కోలా ఉంటుంది. పక్కలకి ఎందుకు బాగుందంటే, వెనక సైటు గాడిలో పోస్టుకి అటూ ఇటూ వెలుతురు సమానంగా ఉందో లేదో మీకు కనిపిస్తోంది కాబట్టి. ఎత్తు దగ్గరే ఆధారం లేదు.

అందుకే సిక్స్ ఓ క్లాక్ అంటారు, అంటే గడియారంలో ఆరు ఉండే చోట, గుండ్రం అడుగున గురి. అయితే పోస్టుని నలుపుకి ఆనించకండి. వెలుతురు కాస్త తగ్గితే చాలు, రెండూ అతుక్కుపోయినట్టు కనిపిస్తాయి, మీరు లోపలికి ఎంత దూరిపోయారో మీకే తెలియదు. మధ్యలో సన్నటి తెల్ల గీత వదలండి. ఎంత అని అడుగుతారు. ప్రతిసారీ ఇబ్బంది పడకుండా కనిపించేంత. మరీ సన్నగా పెట్టుకుంటే దాన్ని కొలుస్తూ కూర్చుంటారు, ఈలోపు చెయ్యి వణకడం మొదలవుతుంది.

గురి మార్చగానే పెల్లెట్లన్నీ కిందపడతాయి, కంగారుపడొద్దు. నల్ల గుండ్రం వ్యాసం 30.5 మి.మీ., అంటే అంచు నుంచి మధ్యకి 15 మి.మీ. పైనే, దానికి తెల్ల గీత కూడా కలపండి. ఐదు షాట్లు కొట్టి, ఆ గ్రూపు, అంటే ఐదు రంధ్రాల గుంపు, మధ్య ఎక్కడుందో చూసి, వెనక సైటుని అంత పైకి లేపండి. ఒక్క పెల్లెట్ చూసి స్క్రూ తిప్పేవాళ్లని రోజూ చూస్తుంటాను, వాళ్లు సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు.

ఇక పది మీదే గురి అన్నారు కదా. పది అంటే అర మిల్లీమీటరు చుక్క. 10 మీటర్ల నుంచి అది ఎవరికీ కనిపించదు. పెల్లెట్ మందం 4.5 మి.మీ., దాని అంచు ఆ చుక్కని తాకినా పదే. అంటే పెల్లెట్ మధ్యభాగం ఎటువైపైనా రెండున్నర మి.మీ. దాకా తప్పొచ్చు. చెయ్యి కొంచెం ఊగినా పోయేది ఆ కొంచెమే. కానీ సైట్లు రెండూ ఒకదానితో ఒకటి కుదరకపోతే లెక్క వేరే. వాటి మధ్య అర మీటరు దూరం ఉందనుకోండి, పోస్టు గాడిలో 0.1 మి.మీ., దాదాపు వెంట్రుక మందం, పక్కకి జరిగితే టార్గెట్ దగ్గర 2 మి.మీ. తేడా వస్తుంది. అందుకే కన్ను ఫ్రంట్ సైట్ మీదే ఉండాలి, గుండ్రం మసకగా కనిపించినా పర్వాలేదు. అర్జునుడు పిట్ట కన్ను తప్ప ఏమీ కనిపించడం లేదన్నాడు. ఓపెన్ సైట్‌తో ఆ మాట చెబితే కోచ్ వెనక్కి పంపేస్తాడు.

నాకూ ఇది మాటలతో ఎక్కలేదు. కోచ్ ఒకరోజు టార్గెట్ కాగితాన్ని తిరగేసి పెట్టి, తెల్ల వైపు పది షాట్లు కొట్టమన్నారు. దేనికి గురిపెట్టాలి సార్ అంటే, కాగితం మధ్యకి ఉజ్జాయింపుగా అన్నారు. కొట్టాక చూస్తే ఆ పది రంధ్రాలూ అంతకుముందు నల్ల గుండ్రం మీద కొట్టినవాటికన్నా దగ్గరగా ఉన్నాయి. వెతకడానికి చుక్క లేదు కాబట్టి సైట్లనే చూశాను, అంతే. వారానికొకసారి మీరూ చేసి చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి పీప్ సైట్ (వెనక చిన్న రంధ్రంలోంచి చూసి, ముందున్న రింగులో గుండ్రాన్ని కుదుర్చుకునే) రైఫిల్‌తో ఆడుతుంది. ముందు సైటులో 3.4 మి.మీ. రింగు వేసుకుంది, చిన్న రింగైతే గురి బాగా కుదురుతుందట. కానీ ఎంతసేపటికీ ట్రిగ్గర్ నొక్కదు, టెన్షన్ పడిపోతుంది.
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: రింగే టెన్షన్ పెడుతోందండీ. ముందు సైటు కంటికి మీటరు దూరంలో ఉంటే, 10 మీటర్ల దగ్గరి నల్ల గుండ్రం ఆ రింగులో సుమారు 3 మి.మీ. కనిపిస్తుంది. 3.4 రింగులో చుట్టూ మిగిలే తెలుపు 0.2 మి.మీ. మాత్రమే. చిన్న ఊపుకే నలుపు రింగుకి తగులుతుంది, పిల్ల ఉలిక్కిపడి సర్దుకుంటుంది, మళ్లీ తగులుతుంది. 4.2 వేయించండి. గుండ్రంలో గుండ్రాన్ని మధ్యకి తెచ్చుకోవడం కంటికి సహజంగానే వచ్చు, చుట్టూ తెల్లగా చోటుంటే ఆ పని ఇంకా తేలిక. మొదటి వారం స్కోరు తగ్గినా ఏమీ అనకండి. ఇంకొకటి, ఎనిమిది పది సెకన్లలో షాట్ పోకపోతే రైఫిల్ దించేయాలి. ఆ తర్వాత కంటికి నలుపు అచ్చు పడినట్టవుతుంది, గురి తప్పినా కుదిరినట్టే కనిపిస్తుంది.

ప్రశ్న: గురిపెట్టేటప్పుడు రెండో కన్ను మూయాలా?
– గుంటూరు పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ఒక కన్ను బిగించి మూస్తే గురి చూసే కన్ను కూడా అలిసిపోతుంది. రెండో కంటి ముందు 30 మి.మీ. వెడల్పు మించకుండా తెల్లటి, వెలుతురు వచ్చే ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టుకోండి. నల్ల అట్ట మాత్రం పెట్టకండి, ఆ కన్ను చీకట్లో ఉంటే రెండు కళ్ల పాపలూ పెద్దవవుతాయి.