ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే స్లైడ్లు చూపిస్తూ అక్కడే పైథాన్ కోడ్ నడపొచ్చా?

నిక్షేపంగా నడపొచ్చు. పవర్‌పాయింట్‌కీ టెర్మినల్‌కీ మధ్య అటూ ఇటూ మారుతూ క్లాసు చెప్పే అవస్థ అక్కర్లేదు. కోడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి స్లైడ్లో అతికించే అలవాటు పోతే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. "సార్, అక్కడ ఖాళీ లిస్ట్ ఇస్తే?" అని వెనక బెంచీ నుంచి అడిగితే బొమ్మ ఏం చెప్తుంది?

ఆర్గ్ (ఈమ్యాక్స్‌లో నోట్స్ రాసుకునే పద్ధతి) ఫైల్లో ఒక స్టార్ పెట్టిన ప్రతి హెడింగూ ఒక స్లైడ్. ఆర్గ్-ప్రెజెంట్ ప్యాకేజీ వేసుకుని ఆ మోడ్ ఆన్ చేస్తే ఒక్క హెడింగే తెర మీద ఉంటుంది. రెండు స్టార్లవి కూడా విడివిడిగా రావాలంటే ఆర్గ్-ట్రీ-స్లైడ్ మేలు.

ఇప్పుడు ఆ ఖాళీ లిస్ట్ సంగతే చూడండి. సగటు కట్టే ఫంక్షన్ తెర మీద ఉంది. అంకెలు చెరిపేయాలి. కుడి బాణం నొక్కారో, కర్సర్ కదలదు, తర్వాతి స్లైడ్ వచ్చేస్తుంది! ఆర్గ్-ప్రెజెంట్‌లో బాణాలు స్లైడ్లవి. కర్సర్ కదపడానికి కంట్రోల్-ఎఫ్, కంట్రోల్-బి వాడండి. ప్యాకేజీతో వచ్చే నమూనా సెట్టింగుల్లో కర్సర్ దాచేదీ, రీడ్-ఓన్లీ చేసేదీ ఉంటాయి. కోడ్ మార్చాలంటే ఆ రెండూ తీసేయాల్సిందే. అంకెలు చెరిపి కంట్రోల్-సి రెండుసార్లు కొడితే స్క్రీన్ రెండుగా చీలి జీరో డివిజన్ ఎర్రర్ కనిపిస్తుంది. అందరూ చదివాక కంట్రోల్-ఎక్స్ 1 కొట్టి మూసేయండి. ఆ ఎర్రర్ అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఎందుకంటే మామూలు జూమ్ ఒక్క బఫర్‌కే (తెరిచిన ఒక్కో ఫైలూ, ఒక్కో అవుట్‌పుట్టూ ఒక్కో బఫర్) పనిచేస్తుంది. ఈమ్యాక్స్ 29 గానీ ఆ తర్వాతిది గానీ ఉంటే కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఆల్ట్-ప్లస్ అన్ని బఫర్లనూ పెంచుతుంది.

మొదటే చేసుకోవాల్సినవి: మొదట్లో ఈమ్యాక్స్ సొంత భాష ఈలిస్ప్ ఒక్కటే నడుస్తుంది, ఆర్గ్‌లో కోడ్ నడిపే బేబెల్ భాషల జాబితాలో పైథాన్‌ని మీరే చేర్చాలి. కోడ్ బ్లాక్ మొదటి వరుసలో రిజల్ట్స్ అవుట్‌పుట్ అని రాయకపోతే ప్రింట్ చేసింది రాదు, నన్ అని వస్తుంది. రెండో స్లైడ్లో రాసిన ఫంక్షన్ ఐదో స్లైడ్లో పిలవాలంటే రెండు బ్లాకులకూ ఒకే సెషన్ పేరు ఇవ్వాలి. లేకపోతే బ్లాక్ బ్లాక్‌కీ కొత్త పైథాన్ మొదలై నేమ్ ఎర్రర్ ఇస్తుంది. నడిపిన ప్రతిసారీ "యెస్" అని పూర్తిగా టైప్ చేయమంటుంది. ఆ ప్రశ్నని ఈ ఒక్క బఫర్లోనే సెట్‌క్యూ-లోకల్‌తో ఆపండి. ఎవరో పంపిన ఫైలుకి ఆ కాపలా ఉండి తీరాలి.

ప్రొజెక్టర్ మీద నల్ల థీమ్ వద్దు, లైట్లున్న గదిలో కామెంట్లు ఎవరికీ కనపడవు. మోడస్-ఒపెరాండి అనే తెల్ల థీమ్ 28 నుంచి ఈమ్యాక్స్‌తోపాటే వస్తుంది, అది చాలు. తెలుగుకి నోటో శాన్స్ తెలుగు ఫాంట్‌ని ఫాంట్‌సెట్‌లో (ఏ లిపికి ఏ ఫాంటో చెప్పే జాబితా) పెట్టండి. తెలుగు అక్షరాలున్న టేబుల్ గీతలు వంకర పోతాయి, వీఅలైన్ ప్యాకేజీ సరిచేస్తుంది.

క్లాసయ్యాక అదే ఫైలుని హెచ్‌టీఎంఎల్ చేసి పిల్లలకి ఇవ్వొచ్చు. ఫలితాలు కూడా చూపించమన్న బ్లాకులు ఎక్స్‌పోర్ట్‌లో మళ్లీ నడుస్తాయి, హెచ్‌టీఎంఎల్‌లో క్లాసులో వచ్చిన ఫలితాల బదులు కొత్తవి వస్తాయి. ఆ బ్లాకులకి ముందే ఇవాల్ నెవర్-ఎక్స్‌పోర్ట్ అని పెట్టండి.