ప్రాక్టీస్‌లో బాగా చేసి పోటీలో పడిపోతోంది, టెన్షన్‌కి మాత్ర ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయికి 14 ఏళ్ళు, నెల్లూరులో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. ప్రాక్టీస్‌లో జంప్‌లన్నీ వస్తాయి, పోటీలో మాత్రం పడిపోతుంది. టీవీలో ఐస్ మీద చేసేవాళ్ళలో కొందరు అసలు పడరు, కొందరు ఎప్పుడూ పడుతుంటారు. ఎందుకని? టెన్షన్ తగ్గడానికి మాత్ర ఏదైనా చెప్పండి. కాలు నొప్పి అంటే పోటీ రోజు నొప్పి బిళ్ళ ఇస్తున్నాం. బరువు పెరుగుతానని రాత్రి అన్నం మానేసింది, నాలుగు నెలలుగా నెలసరి రావట్లేదు.

జవాబు: అమ్మా, మీరు టెన్షన్ గురించి అడిగారు గానీ నాకు కంగారు పుట్టించింది మీ చివరి రెండు వాక్యాలు. ముందు వాటి సంగతి చూద్దాం.

నొప్పి కాల్లో ఎక్కడో మీరు రాయలేదు. మోకాలి కింద ముందు ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుంటే, గెంతితే ఎక్కువైతే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే అది ఎముకలో సన్నని పగులు కావచ్చు, స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. జంప్ దిగేటప్పుడు ఒంటికాలి మీద శరీర బరువుకి ఐదు రెట్లకు పైగా భారం పడవచ్చు. తిండి తగ్గించి, నెలసరి ఆగిన పిల్లల్లో ఎముక ఆ దెబ్బల నుంచి కోలుకోలేదు. నెలసరి కొత్తలో అటూ ఇటూ అవడం మామూలే, కానీ మూడు నెలలు దాటితే చూపించాలి, థైరాయిడ్ లాంటి కారణాలూ ఉండొచ్చు. నేను పిల్లను చూడలేదు కాబట్టి ఇదేనని చెప్పను. ఎముకల డాక్టర్‌కి, గైనకాలజిస్ట్‌కి ఈ వారంలోనే చూపించండి, అప్పటిదాకా జంప్‌లు వద్దు. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు, అనుమానం ఉంటే ఎం.ఆర్.ఐ. రాస్తారు.

పోటీ రోజు నొప్పి బిళ్ళ ఇస్తున్నారు కదా, అది ఆపండి. మన ఎండల్లో చెమటలు కారుతూ ఆడే పిల్లకి నీళ్ళు తగ్గిన ఒంట్లో ఆ మందు కిడ్నీలకి, కడుపుకి మంచిది కాదు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. నొప్పి ఆగమని చెబుతుంటే దాని నోరు నొక్కి అదే కాలి మీద గెంతిస్తున్నారు. మా దగ్గరికి వచ్చే ఆటల పిల్లల్లో చాలామందికి ముందే వచ్చుంటే విశ్రాంతితో పోయేది, పోటీ అయ్యాక చూద్దామని ఆగి నెలల తరబడి కూర్చుంటారు. దయచేసి అలా చేయకండి.

ఇక కొందరు ఎందుకు పడరంటే, గాల్లో మూడు చుట్లు తిరిగే ట్రిపుల్ జంప్‌లో పైన ఉండేది సుమారు 0.6, 0.7 సెకన్లు, అక్కడ దిద్దుకునే టైమే ఉండదు, నిలబడతారా పడతారా అన్నది చాలావరకు నేల వదలకముందే తేలిపోతుంది. నిలకడగా చేసేవాళ్ళకి టేకాఫ్, అంటే నేల వదిలే తీరు, ప్రతిసారీ ఒకేలా వస్తుంది, అదే వేగం, బ్లేడుకి అదే అంచు (ఎడ్జ్), భుజాలు అదే చోట. దక్షిణ కొరియా ఐస్ స్కేటర్ యునా కిమ్ పాల్గొన్న ప్రతి పోటీలోనూ పతకం తెచ్చుకుంది, అయినా ఆమె కూడా పడిన రోజులున్నాయి. అమెరికా స్కేటర్ నేథన్ చెన్ 2018 ఒలింపిక్స్‌లో మొదటి రౌండ్ అయిన షార్ట్ ప్రోగ్రామ్‌లో తప్పుల మీద తప్పులు చేసి 17వ స్థానానికి పోయాడు, మర్నాడు రెండో రౌండ్ ఫ్రీ స్కేట్‌లో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు, 2022లో స్వర్ణం గెలిచాడు. కాబట్టి పోటీలో పడటమే రోగం కాదు. మీ పాప వయసులో పొడవు పెరుగుతుంటే తిరిగే లెక్క మారిపోతుంది, పాత జంప్‌లే కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుంది. నొప్పి ఉన్న కాలి మీద దిగాలంటే తెలియకుండానే టేకాఫ్‌లో వెనకాడుతుంది. రాత్రి తినని పిల్లకి ప్రోగ్రామ్ రెండో సగంలో కాళ్ళు సహకరించవు. మీరు టెన్షన్ అనుకుంటున్నది ఇదే కావచ్చు.

టెన్షన్ మాత్ర విషయానికొస్తే, పరీక్షలప్పుడు కొందరు గుండె దడ తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్ర సొంతంగా కొని వేస్తుంటారు, ఆస్తమా ఉన్న పిల్లకి అది ప్రాణం మీదికి తేవచ్చు. ఇవ్వొద్దు. రష్యా స్కేటర్ వలియేవాకి 15 ఏళ్ళప్పుడు ఇచ్చిన శాంపిల్‌లో ట్రైమెటాజిడిన్ అనే గుండె మందు దొరికి నాలుగేళ్ళ నిషేధం పడింది. పై స్థాయికి వెళ్ళాలనుకునే పిల్లకి ఏ మందైనా డాక్టర్‌ని అడిగే ఇవ్వాలి.

డాక్టర్ సరేనన్నాక, జంప్‌లు విడివిడిగా కాకుండా పాటతో పూర్తి ప్రోగ్రామ్, పడినా ఆపకుండా చేయించమని కోచ్‌కి చెప్పండి. రాత్రి అన్నం మాత్రం ఈ రోజు నుంచే పెట్టండి. ఈలోగా కాలు వాచినా, కుంటుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే తీసుకెళ్ళండి.